ద్రాక్షారసంలో నీటిచుక్క: దివ్యసత్ప్రసాదం, విశ్వాసి ఆత్మసమర్పణ

కతోలిక శ్రీసభ బోధ ప్రకారం దివ్యసత్ప్రసాదం క్రీస్తు దేహరక్తాల సంస్కారం. సిలువ మీద ఆయన చేసిన బలి అందులో మన ముందుకు వస్తుంది. అప్పద్రాక్షారసాల రూపంలో ఆయనే స్వయంగా ఉంటాడు, తన్నుతాను ఆహారంగా పంచుతాడు. బలి, సాన్నిధ్యం, భోజనం అని విడదీసి చెప్పడం బోధనకు సులువు గనుకనే. పీఠం దగ్గర అవి మూడూ ఒక్కటే. వీటిలో సాన్నిధ్యం గురించి జరిగినంత చర్చ బలి గురించి జరగలేదు. ఆ బలిలో విశ్వాసికి ఉన్న వంతు గురించి జరిగింది మరీ తక్కువ. ఆదివారం పూజకు వచ్చినవాడు చూసిపోవడానికి వచ్చాడా, అర్పించడానికి వచ్చాడా? అర్పించడానికే అయితే అతని చేతిలో ఏముంది? క్రీస్తు బలి లోటులేనిదైతే మనిషి దానికి కలపగలిగేది ఏమిటి? దివ్యసత్ప్రసాదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్నలే సరైన తోవ.

బలి అనగానే రక్తం, చావు మనసులో మెదులుతాయి. పాత నిబంధనలోని అర్పణలు ఆ ఊహ కంటే విశాలమైనవి. లేవీయకాండం మొదటి ఏడు అధ్యాయాలు వాటి విధులను చెబుతాయి. దహనబలిలో పశువును పూర్తిగా కాల్చివేస్తారు. ధాన్యార్పణలో ప్రాణి ఊసే ఉండదు. పిండి, నూనె, సాంబ్రాణి చాలు. సమాధానబలిలో కొంత పీఠానికి, కొంత యాజకుడికి పోగా, మిగిలింది అర్పించినవాళ్లే దేవుని ఎదుట కూర్చుని తింటారు. కృతజ్ఞతాబలి ఈ కోవలోదే. దానితోపాటు రొట్టెలు తేవాలి, మాంసం తెల్లవారేదాకా మిగల్చకూడదు. పశువైనా గింజైనా, మనిషి తన బతుకుతెరువులోంచి ఒక భాగం తీసి, ఇది నీవు ఇచ్చిందే అని దేవుని ముందు ఒప్పుకోవడమే వీటన్నిటి ప్రాణం.

ఆ ఒప్పుకోలు లేకుండా కానుకను మాత్రమే తెచ్చినవాళ్లను ప్రవక్తలు వదిలిపెట్టలేదు. ఆమోసు, యెషయా, మీకా ముగ్గురూ ఒకే మాట మీద నిలబడ్డారు: న్యాయం తప్పినవాడి పొట్టేళ్లు దేవునికి అక్కర్లేదు. 51వ కీర్తన ఇంకా లోతుకు పోయి, నలిగిన హృదయమే దేవుడు కోరే బలి అంటుంది. అలా అని ప్రవక్తలు బలిని కొట్టివేయలేదు. ఇచ్చే వస్తువుకూ ఇచ్చే మనిషికీ మధ్య ఉన్న ఎడాన్ని వేలెత్తి చూపారు. ఆ ఎడం పూర్తిగా పూడింది క్రీస్తులోనే అని హెబ్రీయులకు రాసిన లేఖ వాదిస్తుంది. దాని 10వ అధ్యాయం 40వ కీర్తనను క్రీస్తు నోట వినిపిస్తుంది: పశువుల బలులకు బదులు తనకు ఒక దేహం అమర్చబడిందని, దేవుని చిత్తం నెరవేర్చడానికి వచ్చానని ఆయన అంటాడు. అర్పించేవాడూ ఆయనే, అర్పణ కూడా ఆయనే.

కడరాత్రి భోజనం జరిగింది ఈ నేపథ్యంలోనే. దాని గురించి మనకు దొరికిన మొట్టమొదటి లిఖిత సాక్ష్యం సువార్తల్లో లేదు. పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో ఉంది. ఆ లేఖ సుమారు క్రీ.శ. 55 నాటిది. తాను అందుకున్నదాన్నే అందిస్తున్నానని పౌలు స్పష్టంగా చెప్పాడు కాబట్టి, ఆ సంప్రదాయం అప్పటికే పాతది. అప్పగింపబడిన రాత్రి ప్రభువు రొట్టె తీసుకున్నాడు, కృతజ్ఞతలు చెల్లించాడు, విరిచాడు, అది వారి కోసం ఇస్తున్న తన దేహమని చెప్పాడు. పాత్ర తీసుకుని తన రక్తంలో కుదిరే కొత్త నిబంధన గురించి మాట్లాడాడు. సీనాయి కొండ దగ్గర మోషే ఒడంబడిక రక్తాన్ని ప్రజల మీద చిలకరించిన నిర్గమకాండం 24వ అధ్యాయం అక్కడున్న యూదుల్లో ఎవరికైనా తలపుకు వచ్చి ఉంటుంది.

మర్నాడు సైనికులు బలవంతంగా తీసుకోబోయే ప్రాణాన్ని ఆయన ముందురోజు రాత్రే తన చేతులతో ఇచ్చేశాడు. కల్వరి మీద బయటికి కనిపించింది ఒక మరణశిక్ష అమలు. దాన్ని బలిగా మార్చింది ఆయన స్వచ్ఛందంగా చేసిన ఈ అర్పణే. కడరాత్రి భోజనం లేకపోతే సిలువ ఒక అన్యాయపు హత్యగానే మిగిలిపోయేది. సిలువ లేకపోతే ఆ భోజనం వీడ్కోలు విందుగానే ఉండిపోయేది. యోహాను సువార్త ఈ భోజన సందర్భంలో రొట్టె, పాత్రల మాటలు చెప్పదు. వాటి స్థానంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంఘటన చెబుతుంది. తన్నుతాను ఇచ్చుకోవడమంటే ఏమిటో అంత సూటిగా చూపిన వచనభాగం కొత్త నిబంధనలో మరొకటి లేదు.

తన జ్ఞాపకార్థం ఇలా చేయమని ఆయన చెప్పాడు. ఆ జ్ఞాపకం ఎలాంటిదన్న దగ్గరే క్రైస్తవ సంఘాల మధ్య తేడాలు వచ్చాయి. యూదుల పాస్కా ఆచారంలో, ఐగుప్తు దాస్యం నుంచి బయటపడింది తానే అన్నట్టుగా ప్రతి తరంవాడూ భావించాలి. అంటే ఆ స్మరణ గడిచినదాన్ని ఇవాళ్టి మనిషి దగ్గరకు తెస్తుంది. కతోలిక, ఆర్థడాక్స్ సంప్రదాయాలు క్రీస్తు జ్ఞాపకాన్ని ఈ బలమైన అర్థంలోనే తీసుకున్నాయి. 16వ శతాబ్దంలో సంస్కరణవాదులు దీనికి అభ్యంతరం చెప్పారు. 1520లో లూథర్ పూజను బలి అనడాన్ని తీవ్రంగా ఖండించాడు. క్రీస్తు ఒక్కసారే, శాశ్వతంగా బలి అయ్యాడని హెబ్రీయుల లేఖ చెబుతుండగా ప్రతి రోజూ మళ్లీ బలి ఏమిటన్నది వారి ప్రశ్న. తెలుగునాట ప్రొటెస్టంటు సంఘాల్లో ప్రభురాత్రి భోజనం ఆచరించేవారిలో చాలామంది ఇదే ప్రశ్న ఇవాళ్టికీ అడుగుతారు. ఆ ప్రశ్నకు గౌరవం ఇవ్వవలసిందే, ఎందుకంటే సిలువ సంపూర్ణతను కాపాడాలన్న తపన అందులో ఉంది.

త్రెంతు మహాసభ 1562 సెప్టెంబరు 17న, తన 22వ సమావేశంలో ఇచ్చిన జవాబు ఆ సంపూర్ణతను తగ్గించదు. కల్వరి బలి, పూజలోని బలి రెండు కావు. అర్పితమయ్యేది ఒకరే, అప్పుడు సిలువ మీద తన్నుతాను అర్పించుకున్న ఆయనే ఇప్పుడు గురువుల చేతుల ద్వారా అర్పించుకుంటాడు, తేడా అర్పించే తీరులోనే ఉంది. అక్కడ రక్తం చిందింది, ఇక్కడ చిందదు. క్రీస్తు మళ్లీ చనిపోడు, మళ్లీ బాధపడడు. కతోలిక పూజ కల్వరికి కొత్త లెక్కలేవీ జోడించదు; ఆ ఒక్క బలినే ప్రతి కాలంలోని మనిషికీ అందుబాటులోకి తెస్తుంది. అందుబాటులోకి తేవడం ఎందుకంటే, ఆ మనిషి కూడా అందులో చేరాలి గనుక.

ఆ చేరిక ఎంత పాతదో తొలి శతాబ్దాల రచనలు చెబుతాయి. సుమారు 155లో క్రైస్తవ రచయిత జస్టిన్ రోమా చక్రవర్తి అంతోనినుస్ పియుస్‌ను ఉద్దేశించి రాసిన విన్నపంలో ఆదివారం కూడికను వర్ణించాడు. లేఖనాలు చదువుతారు, అధ్యక్షుడు ప్రసంగిస్తాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం, నీరు తెస్తారు. అధ్యక్షుడు కృతజ్ఞతాస్తుతి చెల్లిస్తే ప్రజలు ఆమెన్ అంటారు. రాలేకపోయినవారికి పరిచారకులు సత్ప్రసాదం తీసుకెళ్తారు. కలిగినవారు తమకు తోచినంత ఇస్తారు. ఆ సొమ్ము అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు ఖర్చవుతుంది. వందల ఏళ్ల తర్వాతి పూజా గ్రంథాలతో పోల్చినా ఈ క్రమం గుర్తుపట్టగలిగేలా ఉంది. పీఠం దగ్గర జరిగే అర్పణకూ విధవరాలి ఇంటికి చేరే సాయానికీ మధ్య జస్టిన్ గీత గీయలేదు. రెండూ ఒకే వర్ణనలో, ఒకే ఊపిరిలో వచ్చాయి.

జస్టిన్ చెప్పిన ఆ నీటి వెనుక ఉన్న అర్థాన్ని విప్పి చెప్పినవాడు కార్తేజు మేత్రాణులైన పునీత సిప్రియన్. ఆయన కాలంలో ఉత్తర ఆఫ్రికాలో కొందరు పాత్రలో ద్రాక్షారసం లేకుండా ఒట్టి నీటితోనే పూజ జరిపేవారు. అది తప్పని చెబుతూ ఆయన రాసిన లేఖ, ఆయన లేఖల సంపుటిలో 63వది, దివ్యసత్ప్రసాదంలో విశ్వాసి స్థానం గురించి వచ్చిన అత్యంత లోతైన రచనల్లో ఒకటి. పాత్రలోని ద్రాక్షారసం క్రీస్తు రక్తం, అందులో కలిపే నీరు ప్రజలు అంటాడాయన. ఒట్టి ద్రాక్షారసం అర్పిస్తే క్రీస్తు మనం లేకుండా ఉంటాడు. ఒట్టి నీరు అర్పిస్తే ప్రజలు క్రీస్తు లేకుండా ఉంటారు. ఒకసారి కలిశాక ఆ రెంటినీ మళ్లీ వేరుచేయలేం. అప్పంలోనూ ఆయన ఇదే చూశాడు: ఎన్నో గింజలు పిండై, నీటితో ముద్దై, ఒక్క రొట్టె అవుతాయి. ఈ మాటలు రాసిన కొన్నేళ్లకు, 258లో, సిప్రియన్ హతసాక్షి అయ్యాడు.

నేటికీ పూజలో కానుకల వేళ గురువు ద్రాక్షారసంలో కొద్దిగా నీరు కలుపుతాడు. అప్పుడు మెల్లగా చెప్పే ప్రార్థన, మన మానవత్వాన్ని పంచుకున్న క్రీస్తు దైవత్వంలో మనకూ పాలు దొరకాలని కోరుతుంది. సిలువ మీద ఆయన పక్కనుంచి రక్తం, నీరు కారాయన్న యోహాను సాక్ష్యాన్ని కూడా సంప్రదాయం ఇందులో చూసింది. గుడిలో వెనుక వరుసలో ఉన్నవారికి ఈ క్రియ కనిపించదు, ప్రార్థన వినిపించదు. అయినా విశ్వాసి ఎంత కొంచెమైనా ఆ పాత్రలో ఉన్నాడని చెప్పేది ఇదే. నీరు తనంతట తాను ద్రాక్షారసం కాలేదు, కలిస్తేనే ఆ పానీయంలో భాగమవుతుంది. క్రీస్తు బలికి మనిషి కలపగలిగేది ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆ బలి విలువను మనిషి రవ్వంత కూడా పెంచడు. ఆ బలిలోకి అతన్ని తీసుకుంటారు.

పునీత అగుస్తీను దీన్ని సిద్ధాంతంగా మలిచాడు. దైవనగరం అనే తన గ్రంథం పదో సంపుటిలో ఆయన బలిని నిర్వచించిన తీరు గమనించదగ్గది: దేవునితో పవిత్ర సాంగత్యంలో ఒకటి కావడానికి మనిషి చేసే ప్రతి పనీ నిజమైన బలే. దయతో చేసిన సాయం బలి, అదుపులో పెట్టుకున్న దేహం బలి, దేవుని వైపు తిరిగిన ఆత్మ బలి. రోమీయులకు రాసిన లేఖ 12వ అధ్యాయంలో దేహాలను సజీవబలిగా అర్పించమని పౌలు చేసిన ప్రబోధాన్ని ఆయన ఇక్కడ చేరుస్తాడు. ఆ తర్వాత అసలు మెట్టు ఎక్కుతాడు. విమోచితులైన ప్రజలందరూ కలిసి, తమ శిరస్సైన క్రీస్తు ద్వారా దేవునికి అర్పితమయ్యే ఒకే బలి అవుతారు. శ్రీసభ పీఠం మీద అర్పించేదానిలో తానూ అర్పితమవుతుంది. కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి చేసిన 272వ ప్రసంగంలో, పీఠం మీద ఉన్నది మీ మర్మమే, మీరు అందుకునేది మిమ్మల్నే అన్న భావాన్ని ఆయన నిర్భయంగా చెప్పాడు. దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించినవాడు క్రీస్తు దేహంగా మారవలసి ఉంది. అప్పటిదాకా ఆ స్వీకారం పని పూర్తికాదు.

మధ్యయుగాల్లో దృష్టి మరోవైపు తిరిగింది. అప్పద్రాక్షారసాలు క్రీస్తు దేహరక్తాలు ఎలా అవుతాయన్న వివాదాలు 9వ శతాబ్దంలో మొదలై 11వ శతాబ్దంలో ముదిరాయి. 1215లో నాలుగో లాతెరాన్ మహాసభ పదార్థ పరివర్తన అనే మాటను వాడింది. పునీత తోమాసు అక్వీనాసు దానికి తర్కబద్ధమైన వివరణ ఇచ్చాడు: రంగు, రుచి, ఆకారం మారవు, ఆ వస్తువు దేనివల్ల అది అవుతుందో ఆ సారం మాత్రం మారుతుంది. 1264లో పోపు నాలుగో ఉర్బాను క్రీస్తు దేహ మహోత్సవాన్ని శ్రీసభ అంతటికీ పండుగ చేశాడు. ఇవన్నీ అమూల్యమైనవే. కానీ అదే కాలంలో సామాన్య విశ్వాసి క్రమంగా చూసేవాడిగా మిగిలిపోయాడు. నడిపూజలో గురువు అప్పాన్ని పైకెత్తడం 1200 ప్రాంతంలో పారిస్ నుంచి వ్యాపించింది. ఆ క్షణాన కళ్లారా చూస్తే చాలనుకునేవారు పెరిగారు. సత్ప్రసాద స్వీకారం ఎంత తగ్గిపోయిందంటే, ఏడాదికి ఒక్కసారైనా పాస్క కాలంలో స్వీకరించాలని అదే 1215 మహాసభ చట్టం చేయవలసి వచ్చింది. ప్రార్థన లతీనులో, గురువు వీపు ప్రజల వైపు, పెద్ద గుళ్లలో మధ్యలో తెర. తన వంతు అర్పణ ఉందని ఆ విశ్వాసికి ఎవరు చెప్పాలి?

చెప్పినవారు లేకపోలేదు. 15వ శతాబ్దపు క్రీస్తు అనుసరణం అనే గ్రంథం నాలుగో భాగమంతా దివ్యసత్ప్రసాదం గురించే. అందులో క్రీస్తు శిష్యునితో మాట్లాడుతూ, నీవు ఇచ్చే వస్తువు కాదు, నీవే కావాలి అన్న అర్థంలో కానుకను అడుగుతాడు. అయితే ఇది చదువుకోగలిగినవారి ఏకాంత భక్తి. అది సభ అంతటి పూజలోకి రావడానికి శతాబ్దాలు పట్టింది. 1905 డిసెంబరు 20న పదో పయస్ పోపు అనుదిన స్వీకారాన్ని ప్రోత్సహించే ఆజ్ఞ వెలువరించాడు. 1910లో వివేకం వచ్చిన పిల్లలకు, అంటే ఏడేళ్ల ప్రాయం వారికి, సత్ప్రసాదం ఇవ్వాలన్నాడు. తెలుగు విచారణల్లో చిన్నారులు తెల్లబట్టలు వేసుకుని చేసే మొదటి సత్ప్రసాద స్వీకారపు పండుగ అంత చిన్న వయసులో జరగడానికి మూలం ఆ నిర్ణయమే.

1947లో పన్నెండో పయస్ రాసిన విశ్వలేఖ అసలు విషయానికి వచ్చింది. విశ్వాసులు గురువు చేతుల ద్వారా, ఒక విధంగా ఆయనతో కలిసి అర్పిస్తారని ఆ లేఖ చెప్పింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న విడుదల చేసిన దైవార్చన పత్రం 48వ పేరాలో ఇంకా స్పష్టత ఇచ్చింది: విశ్వాసులు మూగ ప్రేక్షకుల్లా ఉండకూడదు, నిష్కళంక బలిని గురువు ద్వారానే గాక ఆయనతో కలిసి అర్పిస్తూ, తమ్ముతాము అర్పించుకోవడం నేర్చుకోవాలి. మరుసటి ఏడు వచ్చిన శ్రీసభ పత్రం 10వ పేరా జ్ఞానస్నానంతో వచ్చే యాజకత్వాన్నీ గురుపట్టంతో వచ్చే యాజకత్వాన్నీ వేరుచేసి చూపింది. ఆ రెండూ స్థాయిలోనే కాదు, స్వభావంలోనే వేరు. నడిపూజలో క్రీస్తు స్థానంలో నిలబడి మాట్లాడేది గురువు ఒక్కడే. విశ్వాసులు ఆ పని చేయరు, చేయలేరు. అయితే గురుపట్టపు యాజకత్వం ఉన్నది జ్ఞానస్నానపు యాజకత్వాన్ని మేల్కొల్పడానికి. ఈ రెండో మాటను మరిచి మొదటిది మాత్రమే గట్టిగా చెప్పే ఉపదేశం విశ్వాసిని మళ్లీ తెర వెనక్కి పంపుతుంది.

అదే పత్రం 34వ పేరాను ప్రతి గృహస్థుడూ చదవాలి. ప్రార్థనలు, ప్రేషిత కార్యాలు, దాంపత్య జీవితం, కుటుంబం, రోజువారీ శ్రమ, దేహానికీ మనసుకూ ఇచ్చే విశ్రాంతి, ఓపికతో భరించే కష్టాలు, ఇవన్నీ ఆత్మలో చేస్తే ఆధ్యాత్మిక బలులు అవుతాయని, దివ్యసత్ప్రసాద వేళ ప్రభువు దేహంతోపాటు అవి తండ్రికి అర్పితమవుతాయని అది చెబుతుంది. విశ్రాంతి కూడా ఆ పట్టికలో ఉంది. పొలంలో నాట్లు వేసిన చేతులు, రాత్రి ఆసుపత్రిలో డ్యూటీ చేసిన నర్సు అలసట, ఆ అలసట తీర్చిన నిద్ర, అన్నిటికీ పీఠం మీది అప్పపు పళ్లెరంలో చోటుంది.

పూజ సాగే క్రమమే దీన్ని నేర్పుతుంది. కానుకల ఊరేగింపులో అప్పం, ద్రాక్షారసంతోపాటు పేదల కోసం, గుడి కోసం ఇచ్చే డబ్బు, ఇతర కానుకలు కూడా వస్తాయి. అప్పుడు గురువు చెప్పే స్తుతి, ఈ అప్పం భూమి పంటే కాదు, మనుషుల చేతి పని కూడా అని గుర్తుచేస్తుంది. గోధుమ చెట్టున కాసిన రొట్టె ఎక్కడా లేదు. ఎవరో దున్నారు, కోశారు, విసిరారు, కాల్చారు. ఆ శ్రమ అంతా పీఠం మీదికి చేరింది. వెంటనే గురువు సభను ఉద్దేశించి, తన బలీ వారి బలీ దేవునికి ఆమోదమయ్యేలా ప్రార్థించమంటాడు. మూడో కృతజ్ఞతార్పణ ప్రార్థన పవిత్రాత్మను కోరే వరం విశ్వాసులనే శాశ్వత కానుకగా చేయమని. నాలుగోది వారు సజీవబలి కావాలంటుంది. ఆ ప్రార్థన చివర గురువు అప్పాన్నీ పాత్రనూ పైకెత్తి స్తుతిస్తే సభ పలికే ఆమెన్, జస్టిన్ విన్న ఆమెన్ అదే. ఆ ఒక్క మాటతో సభ ఆ అర్పణంతా తనదే అని సంతకం పెడుతుంది. దాన్ని గొణిగి వదిలేసే సభలను చూస్తే బాధ కలుగుతుంది.

భారతదేశంలో ఈ ఘట్టానికి స్థానిక రూపం కూడా వచ్చింది. 1969 ఏప్రిల్ 25న రోము ఆమోదించిన పన్నెండు అంశాల్లో నేల మీద కూర్చోవడం, అంజలి, పంచాంగ ప్రణామం వంటివి ఉన్నాయి. కానుకల వేళ, కృతజ్ఞతార్పణ ప్రార్థన ముగింపులో పూలు, సాంబ్రాణి, దీపాలతో ఆరతి ఇవ్వవచ్చునని కూడా ఉంది. ఆరతి ఎవరికి ఎందుకు ఇస్తారో ఈ నేల మీద ఎవరికీ వివరించనక్కర్లేదు. అర్పణ పూర్తయిందన్న సంగతి కళ్లకు తెలిసేలా చేయడంలో దానికి సాటి రాగల క్రియ పాశ్చాత్య పూజాక్రమంలో లేదు.

సత్ప్రసాద స్వీకారం ఈ అర్పణకు ముగింపు, ప్రతిఫలం కూడా. సమాధానబలిలో అర్పించిన కుటుంబమే తిన్నట్టు, ఇక్కడా అర్పించినవారే తింటారు. తాము ఇచ్చిన అప్పం క్రీస్తు దేహమై తిరిగి వారి చేతికి వస్తుంది.

తెలుగు కతోలికులకు బాగా పరిచయమైన మరో ఆచారం పూజ చెప్పించడం. చనిపోయిన తల్లిదండ్రుల పేర, జబ్బు పడిన బిడ్డ కోసం, పెళ్లిరోజు కృతజ్ఞతగా విచారణ గురువుకు కొంత కానుక ఇచ్చి పూజ అడుగుతారు. దీన్ని వెల అనుకుంటే తప్పు. వ్యాపారమన్న ఛాయ కూడా పడకూడదని శ్రీసభ చట్టం 947వ అధికరణం హెచ్చరిస్తుంది. ఒక గురువు ఒకే రోజు ఎన్ని పూజలు చేసినా, క్రిస్మసు నాడు తప్ప, ఒక్క కానుకే తన కోసం ఉంచుకోవాలి. ఏమీ ఇవ్వలేని పేదల కోసం కూడా పూజ చేయాలని చట్టం గట్టిగా కోరుతుంది. ఆ కానుక ఇచ్చినవాడి అర్పణలో ఒక గుర్తు. దాన్ని ఇచ్చి ఆ రోజు పూజకు రాకుండా ఇంట్లో ఉండిపోతే ఆ గుర్తు దేన్ని సూచిస్తున్నట్టు?

పూజ వేళ చేసిన అర్పణ తక్కిన గంటల్లోకి ఎలా వ్యాపిస్తుందన్నదానికి 19వ శతాబ్దం ఒక మార్గం చూపింది. 1844 డిసెంబరు 3న ఫ్రాన్సులోని వాల్ అనే చోట యేసు సభ గురువు ఫ్రాన్స్వా జేవియర్ గౌత్రెలే, దూరదేశాల వేదప్రచారానికి తొందరపడుతున్న విద్యార్థులతో మాట్లాడాడు. చదువు, విసుగు, తలనొప్పి, ఇవే మీ ఇప్పటి సేవ, వీటిని ప్రతి ఉదయం అర్పించండి అని చెప్పాడు. ప్రార్థనా ప్రేషితోద్యమం అలా పుట్టింది. దాని ఉదయకాల అర్పణ ఆ దినపు ప్రార్థనలు, పనులు, సంతోషాలు, బాధలను ప్రపంచమంతటా జరిగే దివ్యబలిపూజలతో కలిపి అర్పిస్తుంది. అంతకు మూడు వందల ఏళ్ల ముందు లొయోలా ఇన్యాసి వారు తన ఆధ్యాత్మిక సాధనల చివర ఉంచిన ప్రార్థన ఇంకా సంపూర్ణమైనది: స్వేచ్ఛ, జ్ఞాపకశక్తి, బుద్ధి, చిత్తం, అన్నిటినీ తీసుకోమంటుంది. దానికి ముందు దేవుడు తనకు ఇచ్చినవన్నీ తలుచుకోమని ఆయన సాధకుడికి చెబుతాడు. అందుకున్నదేమిటో తెలిస్తేనే ఇవ్వడం మొదలవుతుంది.

బాధను అర్పించడం గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. క్రీస్తు దేహమైన శ్రీసభ కోసం ఆయన శ్రమల్లో కొదువైనదాన్ని తన దేహంలో పూర్తిచేస్తున్నానని పౌలు కొలొస్సీయులకు రాశాడు. ఇక్కడ కొదువ సిలువలో లేదు. ఆ సిలువ పౌలు జీవితంలోకి ఇంకా పూర్తిగా దిగని మేరకే ఉంది. కన్యాస్త్రీ చిన్న తెరేజమ్మ 1895 జూన్ 9న, త్రిత్వ ఆదివారపు పూజలో ఉండగా, దేవుని కరుణాపూరిత ప్రేమకు తన్నుతాను అర్పించుకోవాలన్న ప్రేరణ పొందింది. అప్పటి భక్తుల్లో కొందరు దేవుని న్యాయానికి బలిగా తమను ఇచ్చుకుని శిక్షలు కోరేవారు. తెరేజమ్మ ఆ దారి పట్టలేదు. ప్రేమించబడటానికి తన్ను ఇచ్చుకుంది. రెండేళ్లకు క్షయతో, 24 ఏళ్లకే మరణించింది. జబ్బుకు వైద్యం మాని, అన్యాయాన్ని నోరు మూసుకుని భరించి, దాన్ని అర్పణ అనడం కతోలిక బోధ కాదు. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీకి అలా చెప్పే సలహాదారు క్రీస్తు సిలువను తప్పుగా చదివినట్టే. తొలగించగల బాధను తొలగించాలి. తొలగని బాధ దగ్గరే అర్పణకు చోటు.

వియత్నాంలో సైగాన్ సహాయ అగ్రపీఠాధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ థువాన్ 1975 ఆగస్టు 15న అరెస్టయ్యారు. 13 ఏళ్ల నిర్బంధంలో తొమ్మిదేళ్లు ఒంటరి కొట్టులోనే గడిచాయి. కడుపునొప్పి మందు అన్న చీటీ అంటించి బయటివారు పంపిన ద్రాక్షారసం నుంచి మూడు చుక్కలు, ఒక నీటిచుక్క అరచేతిలో వేసుకుని ఆయన పూజ చేసేవారు. శిబిరంలో సత్ప్రసాదపు తునకలను సిగరెట్ కాగితాల్లో చుట్టి తోటి ఖైదీలకు పంచారు. తాను నడిపిన మేత్రాసనం, పనులు, ప్రణాళికలు అన్నీ ఊడిపోయాక, అవి దేవుని పనులే గాని దేవుడు కావని గ్రహించినట్టు ఆయన తర్వాత చెప్పారు. గుడి, పీఠం, సభ ఏవీ లేనిచోట కూడా నీరు కలపడం ఆయన మానలేదు.

ఈ అర్పణ చివరి ఘడియ దాకా సాగుతుంది. మరణశయ్య మీద ఉన్నవారికి శ్రీసభ చివరిగా ఇచ్చే సంస్కారం వ్యాధిగ్రస్తుల అభ్యంగనమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తోవ ఆహారంగా ఇచ్చే దివ్యసత్ప్రసాదం. దాన్ని ఆలస్యం చేయవద్దని, రోగికి తెలివి ఉండగానే ఇవ్వాలని చట్టం విచారణ గురువులను కోరుతుంది. తన మరణాన్ని క్రీస్తు మరణంతో కలిపి ఇచ్చుకోవడానికి మనిషికి తెలివి ఉండాలి గనుక ఈ నియమం.

అర్పణకు అడ్డుపడేది ఏమిటన్నది మిగిలింది. పీఠం దగ్గరకు వచ్చినవాడికి తన మీద సోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు సమాధానపడి రమ్మని మత్తయి సువార్త 5వ అధ్యాయం చెబుతుంది. కొరింతులో కలిగినవారు ముందుగా తినేసి తాగుతుంటే, పేదలు ఆకలితో నిలబడ్డారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చేశాడు. అయోగ్యంగా స్వీకరించేవాడి గురించి ఆయన చేసిన హెచ్చరిక ఆ సందర్భంలో వచ్చినదే. గంభీర పాపంలో ఉన్నవాడు పాపసంకీర్తనం చేయకుండా స్వీకరించరాదన్న నియమాన్ని విచారణల్లో తరచూ విడి పాపాల లెక్కగానే బోధిస్తారు. పౌలు మొదట చూసింది పక్కవాడి ఖాళీ గిన్నెను. నాలుగో శతాబ్దంలో పునీత యోహాను క్రిసోస్తము పీఠాన్ని పట్టువస్త్రాలతో అలంకరించి, బయట బట్టల్లేక వణికే క్రీస్తును వదిలేసేవారిని మందలించింది ఇందుకే.

ఈ బోధ ఒక మనిషి జీవితాన్ని తలకిందులు చేసిన సందర్భం చరిత్రలో ఉంది. బర్తొలొమే దె లాస్ కాసాస్ స్పెయిన్ దేశపు గురువు. వలస పాలకులు క్యూబాలో ఆయనకు భూమినీ, దాని మీద వెట్టి చేయడానికి స్థానిక ప్రజలనూ కేటాయించారు. గనుల్లో, పొలాల్లో వారి చేత పని చేయించుకుంటూనే ఆయన పూజలు చేశాడు. అంతకుముందు ఒక దొమినికన్ గురువు, ఆ స్థానికులను వెట్టికి పెట్టుకున్నందుకు ఆయనకు పాపవిమోచనం నిరాకరించినా పట్టించుకోలేదు. 1514లో పెంతెకోస్తు పండుగ ప్రసంగానికి సిద్ధమవుతూ సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం చదివాడు. పేదల సొత్తు తెచ్చి అర్పించడం తండ్రి కళ్లముందు కొడుకును చంపడం లాంటిదని, కూలివాడి జీతం ఎగ్గొట్టడం రక్తం చిందించడమేనని ఆ అధ్యాయం చెబుతుంది. తాను పీఠం మీద ఉంచుతున్న అప్పం ఎవరి చెమటతో వచ్చిందో ఆయనకు అప్పుడు కనిపించింది. గవర్నరు దగ్గరకు వెళ్లి తన కింద ఉన్నవారిని వదులుకుంటున్నానని చెప్పాడు. ఆ ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ ప్రసంగంలో ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించి, వినేవారిని కూడా అలాగే చేయమన్నాడు. వారిలో ఎక్కువమంది వినలేదు. ఈ మార్పు తర్వాతి తొలి ఏళ్లలో ఆఫ్రికా నుంచి బానిసలను తెప్పించమని ఆయన ఇచ్చిన సలహా పెద్ద అపరాధమే. దానికి ఆయన తన చరిత్ర గ్రంథంలో పశ్చాత్తాపం రాసుకున్నాడు. 1515లో స్పెయిన్‌కు ఓడెక్కి, మిగిలిన అర్ధశతాబ్దం ఆ ప్రజల పక్షాన రాజుల ఎదుట వాదిస్తూ గడిపాడు.